అంగడి వీధికి పరిష్కర్త కావాలి

తెలుగు పండితుడికి పట్టణ నిర్మాణంతో ఏం పని అని చదువరులు అడగవచ్చు. నేర్చిన విద్య ఒకటే, గ్రంథం చదవడం. దాని వెంట వచ్చే పాఠపరిష్కరణం. ఆ విద్యతోనే ఈ విషయంలోకి వస్తున్నాను. మన చిన్న పట్టణాలలోని పాత అంగడి వీధులు నా కంటికి గ్రంథాలుగానే కనబడతాయి. ఒక్కొక్క తరం ఒక్కొక్క పత్రం చేర్చింది. ఇప్పుడు వాటిని తిరగవ్రాస్తున్నారు. తిరగవ్రాయవద్దని నేననను. మూలప్రతిని చించివేసి తిరగవ్రాయడమే నాకున్న అభ్యంతరం.

క్రీడాభిరామం చదివినవారికి మంచనశర్మ, టిట్టిభసెట్టి జ్ఞాపకముంటారు. ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుతూ కంటబడినదల్లా ముచ్చటించుకొంటారు. ఆ రూపకభేదానికి పేరు కూడా 'వీథి'యే. వినుకొండ వల్లభరాయని కృతిగా దానిని చెబుతారు. శ్రీనాథునిదనే వాదమూ ఉంది. కర్తృత్వం గూర్చి ఎంత తగవు పడినా ఒక్క విషయంలో పండితులకు భేదం లేదు. ఆ కావ్యం లేకపోతే నాటి ఓరుగంటి బజారు సందడి మనకు ఇంత సజీవంగా దక్కేది కాదు. కాకతీయుల రాతి తోరణాలు నిలిచాయి. పూటకూటి ఇల్లూ, వీరగాథలు పాడేవారు నిలిచిన కూడలీ నిలవలేదు. అవి పద్యంలో మాత్రమే మిగిలాయి. రాజు కట్టినది రాతిలో నిలుస్తుంది. బేహారి కట్టినది ఎవరైనా వ్రాసిపెడితేనే నిలుస్తుంది.

మా జిల్లా కేంద్రమైన విజయనగరానికి ఆ భాగ్యం కన్యాశుల్కం వల్ల కలిగింది. 1892లో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చు వేసిన ఆ నాటకం, కోట ఎదుటి బొంకులదిబ్బ మీద మొదలవుతుంది. దానిని వ్రాసిన గురజాడ అప్పారావుగారి బాల్యవిద్య జరిగినది మా చీపురుపల్లిలోనే. తండ్రిగారి ఉద్యోగం అప్పట్లో ఇక్కడ. అయితే నాటకంలో రంగస్థలమయ్యే యోగం విజయనగరానికి పట్టింది గాని మా ఊరి వీధికి పట్టలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి అదీ ఒక కారణం. కోట ఉన్న ఊరికి చరిత్రకారులు దొరుకుతారు. సంత వల్లా, రైలు వల్లా పెరిగిన ఊరికి ఎవరు దొరుకుతారు?

విజయనగరం కోట 1713 నాటిది. ఆ పట్టణం కోట చుట్టూ పెరిగింది. చీపురుపల్లిని పెంచినది దారి. విజయనగరం నుండి రాజాం మీదుగా పాలకొండ పోయే బాట, 1890లలో వేసిన తూర్పుతీరపు రైలుమార్గం ఇక్కడ కలిశాయి. అదే కాలంలో, 1892లో, మన దేశంలో మాంగనీసు త్రవ్వకం మొట్టమొదట మొదలైనది ఈ విజయనగరం ప్రాంతంలోనే. మా పరిసరాలలోని కోడూరు గనులను పరిశీలించిన భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫెర్మర్, అక్కడి ఒక రాతిజాతికి 'కోడూరైట్' అని పేరు పెట్టాడు. ఒక పల్లె పేరు ప్రపంచ శిలాశాస్త్ర గ్రంథాలకెక్కింది! తరువాతి కాలంలో గరివిడిలో ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారం వచ్చింది. గోగునార, నువ్వులు, బెల్లం, చింతపండు బండ్ల మీద వచ్చి రైలెక్కి వెళ్ళేవి. ఈ రాకపోకల నడుమ పుట్టినది మా అంగడి వీధి. దానిని ఏ రాజూ శంకుస్థాపన చేయలేదు. ఏ ఇంజనీరూ నమూనా గీయలేదు. అయినా దానికొక వ్యాకరణం ఉంది.

ఆ వ్యాకరణాన్ని కొంచెం వివరిస్తాను. పాత అంగడి ముఖం సన్నం, లోపలికి పొడవు. బజారు ముఖం విలువైనది కనుక అందరికీ తలా కొంత దక్కవలెనని ఆ ఏర్పాటు. ముందు అరుగు, అరుగు మీదికి దిగిన చూరు, ఆ వెనుక కొట్టు, కొట్టు వెనుక సరుకు గది, ఆపైన కాపురం, చిట్టచివర నుయ్యి, దొడ్డిదారి. వ్యాపారం వీధి నుండి, సంసారం దొడ్డి నుండి. కొట్టుకు రెక్కల తలుపులుండవు. పైనా క్రిందా గాడి చేసిన దూలాల నడుమ నిలువు పలకలు ఒకదాని ప్రక్కన ఒకటి జొనిపేవారు. ప్రతి పలక మీదా ఉలితో చెక్కిన అంకె. వరుస తప్పితే చివరి పలక దూరదు. ప్రొద్దుట పలకలు తీస్తే కొట్టు మొత్తం వీధికి తెరుచుకొనేది. వస్తువుకూ మనిషికీ మధ్య అద్దం లేదు, తలుపు లేదు. అరుగు ఎత్తు కూడా ఊరకే పెట్టినది కాదు. రెండెడ్ల బండి వెనక్కు తోలి నిలిపితే బండి తట్టు అరుగుకు ఇంచుమించు సమంగా వచ్చేది. బస్తా నెత్తిన పెట్టుకోకుండానే లోపలికి జరిపేవారు.

గోడ మందం మూరకు తక్కువ ఉండదు. గానుగలో నూరిన సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్ళు, బెల్లపు నీళ్ళు కలిపిన గార. పైన కలిగినవారికి బర్మా టేకు దూలాలు, లేనివారికి తాటి దూలాలు. ఈ సీమ ప్రజలు రంగూనుకు వలసపోయి తిరిగివచ్చిన కథ ఆ దూలాలలో కూడా ఉన్నది. వాటిపై పెంకులు. మనం బెంగుళూరు పెంకులంటున్న ఆ పెంకులు బెంగుళూరువి కావు. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో కర్మాగారం పెట్టి చేయించిన రకమది. నోట నానిన పేరు ఊరు మార్చుకొన్నది.

మేడ కట్టుకొన్నవారి పిట్టగోడలు చూడండి. నడుమ గచ్చుతో తీర్చిన లక్ష్మి, ఇరుప్రక్కల ఏనుగులో చిలుకలో, క్రింద కట్టిన సంవత్సరం. ప్రబంధంలో ఆశ్వాసం చివర వచ్చే గద్యలాంటిది అది. ఎవరి కృతి, ఎప్పటిదో చెప్పి సెలవు తీసుకొంటుంది. ఇప్పుడా గద్య మీద ఫ్లెక్సీలు కడుతున్నారు. గ్రంథం ఉన్నది, గద్య మూతబడింది.

వీధిలోని మాటలకూ ఇట్లాగే పొరలున్నాయి. అంగడి మన దేశ్యం. విపణి, ఆపణం సంస్కృతం. బజారు పారసీకం. దుకాణం అరబ్బీలో పుట్టి పారసీకం మీదుగా వచ్చినది. షాపు ఇంగ్లీషు. ఒకటి వచ్చినంత మాత్రాన ఇంకొకటి పోలేదు. మా ఊరి పెద్దలు ఈనాటికీ ఒకే వాక్యంలో బజారుకెళ్ళి కొట్టులో కొన్నామంటారు. భాష ఇంత ఔదార్యం చూపిస్తే కట్టడం దగ్గర మనం ఇంత పిసినారులమెందుకవుతున్నాము? క్రొత్తది రావడానికి పాతది చావవలెనని ఎవరు శాసించారు?

మన అరుగులను గునపాలే పడగొట్టలేదు. చాలా అరుగులను రోడ్డు మింగింది. పాత తారు గీకకుండా దాని మీదనే క్రొత్త తారు, ఆ మీద సిమెంటు. ఒక్కొక్కసారి నాలుగంగుళాలు. మూడు మెట్లెక్కి చేరవలసిన అరుగు రెండు మెట్లయింది, ఒక మెట్టయింది, ఇప్పుడు కొన్నిచోట్ల వీధికి సమమయింది. వాన కురిస్తే నీరు కొట్టులోకి వస్తుంది. అప్పుడు యజమాని పాత కట్టడం పనికిరాదని పడగొడతాడు. అసలు దోషం కట్టడానిది కాదు, మాటిమాటికీ పెరిగే రోడ్డుది. పల్లానికి పోవలసిన నీటికి దారి చూపకుండా ఇంటిని నిందిస్తే ఏం లాభం?

విజయనగరం సంగతి చెప్పకుండా ఈ మాట ముగియదు. అక్కడ అంగడి వీధికి రెండు ఆనవాళ్ళుండేవి. ఒకటి 1885 నాటి గంటస్తంభం; అదృష్టవశాన నిలిచే ఉన్నది. రెండవది మూడు లాంతర్లు. రాత్రివేళ కూడలికి వెలుగునిచ్చిన ఆ పాత దీపస్తంభాన్ని 2020 మే నెలలో కూడలి సుందరీకరణ పనులలో పడగొట్టారు. పత్రికలలో అలజడి రేగింది, నిరసనలు జరిగాయి. ఈ చర్చలో రాజకీయం చాలా కలిసింది. దాని జోలికి నేను పోను. నాకు తోచినది వేరు. ఆ తరువాత కూడా ఆటోవాడు 'మూడు లాంతర్లు' అనే కేకవేస్తాడు, మనమూ అక్కడే దిగుతాము. శబ్దం నిలిచి అర్థం పోయిన పదం వంటిది ఆ కూడలి. నిఘంటువులో అటువంటి పదాలకు పండితుడు అర్థం వ్రాస్తాడు. రేపటి పిల్లవాడు 'లాంతర్లేవి?' అని అడిగితే ఎవరు వ్రాస్తారు?

ఆ వీధి ఒట్టి వ్యాపార వీధి కూడా కాదు. విజయదశమి దాటిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఆ కూడలి దగ్గరి చదురుగుడి నుండి కోట దాకా మూడుసార్లు వెళ్ళివస్తుంది. చింతమాను చివర పూజారి ఆకాశంలో కూర్చొని ఉంటాడు. అరుగుల మీదా, మేడల మీదా, పిట్టగోడల మీదా జనం. అంగళ్ళవారు ఆనాడు వర్తకులు కారు, ప్రేక్షకులకు ఆసనమిచ్చే గృహస్థులు. వీధికి రెండువైపులా అంచెలంచెలుగా ఉన్న ఆ ఎత్తులే ఉత్సవానికి నాట్యశాల. మా ఊరి కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరనాడు కూడా అంగడి వీధి ఇట్లాగే వేషం మారుస్తుంది. దుకాణాలన్నీ నిలువెత్తు అద్దపు గోడలైతే జనం ఎక్కడ నిలబడతారు?

చట్టం కాపాడదా అని కొందరడుగుతారు. 1958 నాటి కేంద్ర చట్టం నూరేళ్ళు దాటిన స్మారకాలను దృష్టిలో పెట్టుకొన్నది. దాని కింద రక్షణ పొందినవి ఎక్కువగా కోటలు, కోవెలలు, శాసనాలు, స్తూపాలు. రాజునూ దేవుడినీ గుర్తించిన చట్టం, పప్పుల కొట్టును గుర్తించడానికి ఇంకా సిద్ధంగా లేదు. ఒక్కొక్క కొట్టు విడిగా చూస్తే అందులో గొప్ప శిల్పమేమీ లేదన్నది నిజమే. ఒక అక్షరంలో కూడా కవిత్వం ఉండదు కదా. వరుసలో ఉన్నది దాని విలువ.

ఇక ఎదుటిపక్షం వాదం. అది బలమైనది, వినక తప్పదు. పాత కొట్టు పడగొట్టే ప్రయత్నంలో ఉన్న ఒక కిరాణా వర్తకుడితో ఈ మాటలన్నీ చెప్పాను. సాంతం విని ఆయన, "మాస్టారూ, అందం మీరు చూస్తారు, చెమ్మ మేం పడతాం. వాన రాత్రి బస్తాలు జరుపుకోడానికి మీరొస్తారేటి?" అన్నాడు. దానికి ఛలోక్తితో జవాబు చెప్పకూడదు. అన్నదమ్ముల వాటాలలో సన్నని కొట్టు ఇంకా సన్నగిలింది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను ఈ ప్రాంతపు పెంకుల కప్పులకు తీరని పరీక్ష పెట్టింది. పెంకు నేసే పనివారు దొరకడం కష్టం. కూతురి పెళ్ళికో కొడుకు చదువుకో కావలసిన డబ్బు ఆ స్థలంలోనే ఉంది. వీటికి సమాధానం లేకుండా వారసత్వమని ఉపన్యసించడం, ఆకలిగొన్నవాడికి అలంకారశాస్త్రం చెప్పడమే.

అయితే చెమ్మ గూర్చి ఒక్క మాట. సున్నపు గోడ నేల నుండి పీల్చిన తడిని బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూత పూస్తే ఆ తడికి దారి మూసుకుపోతుంది. అది లోపలే నిలిచి పూతను పెచ్చులుగా ఊడగొడుతుంది. మరమ్మతు పేరుతో మనం పూసిన సిమెంటే చాలా గోడలకు జబ్బయింది. సున్నపు గోడకు సున్నమే వైద్యం. గార కలపడం తెలిసిన పనివారు ఇద్దరు ముగ్గురున్నా, వారి దగ్గర నలుగురు కుర్రవాళ్ళు నేర్చుకొనే ఏర్పాటు ఉన్నా, మరమ్మతు ఖర్చు చాలా తగ్గుతుంది. ఆ ఏర్పాటు లేకనే పడగొట్టడం చవకగా కనబడుతున్నది.

ఇంకొక ఆక్షేపం ఉన్నది. వర్తకుడు దానిని ఎత్తలేదు, నేనే ఎత్తుతున్నాను. ఆ అరుగు అందరిదీ కాదు. దానిమీద కూర్చొని చుట్ట కాల్చినవారు కొందరు. దాని క్రింద, ఎండలో, వీధిలోనే నిలబడి సరుకు కొన్నవారు ఇంకొందరు. చేతికి చెయ్యి తగలకుండా పైనుంచి పొట్లం జారవిడిచిన కాలం ఒకటుంది. డబ్బిచ్చి కొన్నవాడికి కూడా మెట్టెక్కే హక్కు లేని కాలమది. అరుగు ఎత్తు బండికి మాత్రమే కొలత కాలేదు, కులానికి కూడా కొలత అయింది. పాత వీధిని పొగిడేవారు ఈ పత్రాన్ని దాటవేయడం అన్యాయం. క్రొత్త దుకాణంలో ఎవరైనా దర్జాగా లోనికి వెళ్ళవచ్చునంటే, ఆ మార్పు ముందు నేను చేతులు జోడిస్తాను. పరిష్కర్త పని చెడ్డ శ్లోకాన్ని దాచడం కాదు, ఉన్నది ఉన్నట్టు చూపడం. నిలుపుకోవలసినది అరుగు, తొలగించవలసినది ఆ అరుగు మీద నడిచిన నియమం. ఈ రోజు పల్లెల నుండి కూరగాయల గంపతో వచ్చే స్త్రీలు ఏ చూరు నీడన కూర్చొంటున్నారో చూడండి. చూరు తీసేస్తే మొట్టమొదట ఎండ తగిలేది వారికే. నాడు మెట్టెక్కనివ్వని అరుగు, నేడు వారికి నీడనిచ్చి ఋణం తీర్చుకొంటున్నది. ఆ సమయంలో దానిని పడగొట్టడం ఎవరికి న్యాయం?

వెలుపలి ప్రపంచంలో ఈ చిక్కు తీర్చుకొన్నవారున్నారు. రెండవ ప్రపంచ యుద్ధంలో వార్సా పాతపట్టణం నేలమట్టమయింది. దానిని మళ్ళీ కట్టడానికి వారికి ఆధారమైనవి, 18వ శతాబ్ది చిత్రకారుడు బెల్లొట్టో గీసిన వీధుల చిత్రాలు, యుద్ధానికి ముందు ఆర్కిటెక్చరు విద్యార్థులు కొలిచి గీసిన పటాలు. ఆ తిరిగి కట్టిన పట్టణాన్నే 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. విద్యార్థుల కాగితాలు ఒక నగరాన్ని బ్రతికించాయి. అమెరికాలో ఊరి బయటి పెద్ద మాల్స్ వల్ల చిన్న పట్టణాల అంగడి వీధులు పాడుపడితే, 1977లో అక్కడి జాతీయ వారసత్వ సంస్థ మూడు పట్టణాలలో 'మెయిన్ స్ట్రీట్' ప్రయోగం మొదలుపెట్టింది. వారు చూసుకొన్న నాలుగు అంశాలలో కట్టడాల రూపం ఒకటి మాత్రమే. వర్తకుల సంఘటన, ప్రచారం, వ్యాపార బలం తక్కిన మూడు. కొట్టు నడవనిదే కొట్టు గోడ నిలవదని వారు గ్రహించారు. మా ఊరి కిరాణా వర్తకుడు చెప్పినదీ అదే.

2022 ఏప్రిల్‌లో చీపురుపల్లి రెవెన్యూ డివిజను కేంద్రమయింది. కార్యాలయాలు వచ్చాయి, వాహనాలు పెరిగాయి. రోడ్డు వెడల్పు చేయక తప్పని రోజు వస్తుంది. దానికి ముందుగానే చేయదగిన పనులు నాలుగు మనవి చేస్తాను.

మొదటిది ప్రతి తీయడం. బ్రౌను దొర పండితులను పెట్టి ఊరూరా తాళపత్రాలు సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించాడు. మన వీధికి ఆ పని ఉన్నత పాఠశాల పిల్లలు చేయగలరు. ఒక టేపు, గళ్ళ కాగితం, చేతిలో ఎలాగూ ఉన్న ఫోను చాలు. ప్రతి కొట్టు ముఖం, అరుగు ఎత్తు, పిట్టగోడ మీది సంవత్సరం, యజమాని చెప్పిన కథ. గణితం మాస్టారు కొలతలు నేర్పితే, తెలుగు మాస్టారు కథ వ్రాయించవచ్చు.

రెండవది రోడ్డు మట్టం. పాత పొర గీకనిదే క్రొత్త పొర వేయకూడదని పంచాయతీ పట్టుబట్టవలెను. దీనికి వారసత్వ ప్రేమ కూడా అక్కరలేదు, వాననీటి భయం చాలు.

మూడవది నీడ. క్రొత్త కట్టడం ఎన్ని అంతస్తులైనా లేవనీయండి. వీధివైపు నాలుగడుగుల చూరు, దాని క్రింద ఎవరైనా నిలబడగల అరుగు ఉండవలెనని నియమం పెట్టండి. పలక తలుపు స్థానంలో షట్టరు వచ్చినా నాకు విచారం లేదు. నీడ పోతే విచారం.

నాలుగవది యజమానికి ఊరట. పాత ముఖాన్ని నిలుపుకొన్నవారికి ఇంటిపన్నులో కొంత మినహాయింపు, మరమ్మతుకు సహాయం. ఊరికి అందం ఇచ్చేవాడు ఒక్కడూ, అనుభవించేవారు అందరూ అయినప్పుడు, ఖర్చులో అందరికీ వాటా ఉండవలెను.

పరిష్కర్త పాఠం మార్చినప్పుడు మూలపాఠాన్ని అధోజ్ఞాపికలో ఉంచుతాడు. చదివేవాడు రెండూ చూసి తన నిర్ణయం తాను చేసుకొంటాడు. వీధిని మార్చే అధికారం మన తరానికి ఉంది. మూలాన్ని తరువాతి తరానికి చూపే బాధ్యత కూడా ఆ అధికారంతో పాటే వచ్చింది. రాబోయే వేసవి సెలవులలో పదిమంది పిల్లలను వెంటబెట్టుకొని రైల్వేస్టేషను వైపు చివర నుండి కొలత మొదలుపెట్టదలిచాను. తమ ఊళ్ళలో ఇటువంటి ప్రయత్నం చేసినవారుంటే, చేయదలచినవారుంటే, ఆ వివరాలు తెలియజేయవలసినదిగా చదువరులకు నా మనవి.